తొందరను అమ్మకానికి పెట్టకండి
ఆన్‌లైన్ క్రికెట్ మేనేజర్ ఆటల రూపకర్తలకు, నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రూపకర్తలకు, నిర్వాహకులకు నమస్కారం.

క్రికెట్ మేనేజర్ ఆటల్లో, అంటే ఆటగాళ్లను కొని, శిక్షణ ఇచ్చి, మ్యాచ్‌కు జట్టును ఎంపిక చేసే ఆన్‌లైన్ ఆటల్లో, ఊహా జట్లను నడిపే తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో ఉంటున్నవాళ్లూ ఉన్నారు, ఉద్యోగాల కోసం గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. మేము ఆడే ఆటలో కొన్ని సీజన్లుగా వస్తున్న మార్పుల గురించి నిర్వాహక సంస్థకు యాప్ ద్వారానూ, ఈమెయిల్ ద్వారానూ పలుమార్లు విన్నవించుకున్నాం. ప్రతిసారీ మా అభిప్రాయం విలువైనదని చెప్పే ఒకే యాంత్రికమైన జవాబు, ఆ వెంటనే ఫిర్యాదు ముగిసిందనే సందేశం వచ్చాయి. ఇక నలుగురూ చదివే చోట రాయడం తప్ప మాకు దారి కనిపించలేదు. ఆ సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే ధోరణి ఈ తరహా ఆటలన్నిటిలోకీ పాకుతోంది కాబట్టి ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ దీన్ని తమకు రాసిన లేఖగానే చదవాలని కోరుతున్నాం.

మీరు ఈ ఆటలు తయారుచేశారు కాబట్టే మాకు ఈ కాలక్షేపం, ఈ స్నేహాలు దక్కాయి. అందుకు కృతజ్ఞులం. ఇక విషయానికి వస్తాం.

1. ఈ ఆట నెమ్మదిగా సాగడం దాని పుట్టుకలోనే ఉంది. జట్టును మైదానంలో ఆడించకుండా మైదానం బయటి నుంచి నడిపించే కంప్యూటర్ ఆటలు కొత్తవేమీ కావు. 1982లో కెవిన్ టామ్స్ అనే బ్రిటిష్ రూపకర్త ఫుట్‌బాల్ మీద అలాంటి ఆట తెచ్చారు. 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ అనే మరో ఫుట్‌బాల్ ఆట వచ్చింది. అవి ఇంట్లో ఒక్కరు కూర్చుని ఆడుకునేవి. అందులో బటన్ నొక్కుతూ పోతే ఒక రాత్రిలో ఒక సీజన్ దాటిపోవచ్చు, దానివల్ల వేరొకరికి పోయేది ఏమీ లేదు. 1997లో స్వీడన్‌లో మొదలైన హాట్రిక్ అనే ఫుట్‌బాల్ ఆట ఈ తరహా ఆటను ఇంటర్నెట్ మీదికి తెచ్చినప్పుడు ఒక మౌలికమైన మార్పు జరిగింది. గడియారం ఆడేవాడి చేతిలోంచి జారి అందరి ఉమ్మడి సొత్తయింది. అందులో వారాంతాన ఒక లీగ్ మ్యాచ్, వారం మధ్యలో ఒక కప్ మ్యాచో స్నేహపూర్వక మ్యాచో ఉంటాయి. శిక్షణ ఫలితం వారానికి ఒక్కసారే వస్తుంది. జమాఖర్చులు కూడా వారానికి ఒక్కసారే తేలుతాయి. లీగ్‌లో 8 జట్లు, ఒక్కో ప్రత్యర్థితో రెండేసి చొప్పున 14 మ్యాచ్‌లు, మొత్తం సీజన్ 16 వారాలు. అక్కడి ఆటగాడికి ఒక ఏడు వయసు పెరగడానికి మన క్యాలెండర్‌లో 112 రోజులు పడుతుంది. పదిహేడేళ్ల కుర్రవాణ్ణి తెచ్చుకుని ఇరవై ఏడేళ్ల పరిణతి చెందిన ఆటగాడిగా చూడాలంటే 1,120 రోజులు, అంటే మూడేళ్లకు పైగా ఆగాలి.

ఈ లెక్కలు వింటే ఆడనివారికి నవ్వు రావచ్చు. అయినా ఆ ఆట లక్షల మందిని ఆకట్టుకుంది. తర్వాత బాస్కెట్‌బాల్‌కు బజర్‌బీటర్, క్రికెట్‌కు బాట్రిక్ వంటివి అదే బాటలో నడిచాయి. మీ ఆటల మూలాలు కూడా అక్కడే ఉన్నాయని మీకు మేము గుర్తుచేయనక్కరలేదు.

2. పోటీలోని మజా ఈ నెమ్మదితనం నుంచే పుడుతుంది. ఒక వారంలో జట్టుకు ఒక్క రకం శిక్షణే ఇవ్వగలం అన్నప్పుడు ప్రతి నిర్ణయానికీ బరువు ఉంటుంది. స్పిన్ బౌలింగ్ మీద పెడితే ఆ వారం బ్యాటింగ్ ఎదగదు. నైపుణ్యం ఒక మెట్టు పెరిగేకొద్దీ తర్వాతి మెట్టుకు మరిన్ని వారాలు పడతాయి, అదే సమయంలో ఆటగాడి జీతమూ పెరుగుతుంది. అందువల్ల మంచి లెగ్‌స్పిన్నర్‌ను తయారుచేసిన చిన్న జట్టు, అతని జీతం తన టికెట్ల ఆదాయాన్ని మింగేయకముందే ఏ వయసులో, సీజన్‌లో ఏ వారంలో వేలానికి పెట్టాలో తేల్చుకోవాలి. సీజన్ మొదట్లో అమ్మితే కొత్త జట్లు కూర్చుకునేవారు ఎక్కువ ధర పెడతారు, కానీ ఆ సీజన్ అంతా ఆ బౌలర్ లేకుండా నెట్టుకురావాలి. ఈ ఆలోచనలో వారం గడిచిపోతుంది, ఆ గడిచిపోవడమే ఆట.

ప్రత్యర్థుల సంగతీ అంతే. ఎనిమిది జట్ల లీగ్‌లో ఒక్కొక్కరి అలవాటూ అందరికీ తెలుస్తుంది. ఒకరు సొంత మైదానంలో ఎప్పుడూ స్పిన్ పిచ్ వేయిస్తారు, మరొకరు తమ ప్రధాన ఫాస్ట్ బౌలర్‌ను ముఖ్యమైన మ్యాచ్‌కు ముందు వారం పక్కన కూర్చోబెడతారు. మొదటి మ్యాచ్‌లో దెబ్బ తిన్నవాడు ఆ స్కోర్‌కార్డును ముందు పెట్టుకుని రెండో మ్యాచ్‌కు వారాల తరబడి సిద్ధమవుతాడు. మన లైనప్ చూసి ఎదుటివారు ఎలా ఆలోచిస్తారో ఊహించి, వారి ఊహను తప్పించేలా బ్యాటింగ్ ఆర్డర్ మార్చుతాం. ఓడినా పగ మిగలదు, ఎందుకంటే ఇద్దరికీ దొరికిన వారాలు సమానమని ఇద్దరికీ తెలుసు. లీగ్ పట్టికలో నా పైన ఉన్నవారు నాకంటే మెరుగ్గా ఆలోచించారని ఒప్పుకోగలిగినప్పుడే వారిని అందుకోవాలనే పట్టుదల వస్తుంది. వారు నాకంటే ఎక్కువ చెల్లించారని తెలిసినప్పుడు పట్టుదల రాదు, విసుగు వస్తుంది.

3. మారింది ఏమిటో చెబుతాం. మా ఆటలో మొదట వారానికి రెండు లీగ్ మ్యాచ్‌లు, ఒక శిక్షణ అప్‌డేట్ ఉండేవి. ఇప్పుడు రోజూ మ్యాచ్. ఏడు వారాలు సాగే 14 మ్యాచ్‌ల సీజన్ రెండు వారాల్లో ముగిసిపోతోంది. శిక్షణను తక్షణం పూర్తిచేసే ‘బూస్టర్’లను ఆటలో చెల్లే ‘జెమ్స్’తో కొనుక్కోవచ్చు, ఆ జెమ్స్‌ను రూపాయలతో కొనుక్కోవచ్చు. ఏ ఆటగాడు వస్తాడో ముందు తెలియని ప్యాక్‌లు పెట్టారు, వాటిలో వచ్చినవారు నేరుగా లీగ్ మ్యాచ్‌ల్లో ఆడతారు. వరుసగా రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికి. ఇవన్నీ సీజన్ నడుస్తుండగానే, ముందస్తు ప్రకటన లేకుండా, ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒక మార్పు అయితే ప్లేఆఫ్‌కు ముందురోజు వచ్చింది.

కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన మామిడిపండు రంగులో ఏ లోటూ ఉండదు. మా లీగ్‌ల్లో ఇప్పుడు పై స్థానాల్లో ఉన్న జట్లూ అలాగే ఉన్నాయి.

4. దీని దెబ్బ ముందుగా ట్రాన్స్‌ఫర్ మార్కెట్ మీద, అంటే జట్లు ఆటగాళ్లను వేలంలో కొని అమ్ముకునే చోటు మీద పడింది. ఇది మీ దగ్గర ఉన్న గణాంకాల్లో మాకంటే మీకే స్పష్టంగా కనిపించాలి. అగ్రశ్రేణి ఆటగాళ్లు తక్కువగా ఉండడానికి కారణం వారిని తయారుచేయడానికి పట్టే కాలం. ఆ కాలాన్ని డబ్బుతో కుదించగానే అలాంటి ఆటగాళ్లు మార్కెట్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డారు, ధరలు పడిపోయాయి. కింది అంచెల్లో ఉండి, కుర్రవాళ్లను తెచ్చి, ఓపికగా పెంచి, అమ్ముకుని స్టేడియం కట్టుకునే చిన్న జట్లకు అదొక్కటే ఆదాయ మార్గం. సీజన్ల తరబడి వాళ్లు పెంచిన బౌలర్‌కు ఇప్పుడు వచ్చే వేలం ధర, అతనికి ఇన్నాళ్లూ చెల్లించిన జీతాలకు కూడా చాలడం లేదు.

అక్కడితో ఆగలేదు. నైపుణ్యం పెరిగితే జీతం పెరుగుతుందనే నియమం మీరు మార్చలేదు, స్టేడియం ఆదాయమూ మార్చలేదు. చవకగా దొరికాడని గొప్ప ఆటగాణ్ణి కొన్న మధ్యతరగతి జట్టు కొద్ది వారాల్లోనే అప్పుల్లో పడుతోంది. అప్పుల్లోంచి బయటపడడానికి మీరు చూపే మార్గం మళ్లీ జెమ్స్. కొనలేనివారు వెళ్లిపోతున్నారు. వెళ్లిపోయిన జట్టు స్థానంలో కంప్యూటర్ నడిపే బాట్ జట్టు వస్తోంది. ఎనిమిది జట్లలో సగానికి పైగా బాట్లే ఉన్న లీగ్‌లు ఇప్పుడు కింది అంచెల్లో మామూలయ్యాయి. బాట్‌ను ఓడించడంలో ఏం సంతోషం ఉంటుంది? డబ్బు కట్టి పైకి వెళ్లినవారికి కూడా అక్కడ పోటీపడే మనుషులు మిగలడం లేదు. మీ వ్యాపారానికే ఇది చేటు అని మా అభిప్రాయం, కాని ఆ లెక్క వేసుకోవలసింది మీరు.

5. ఈ మార్పుల బరువు మోస్తున్నది సాధారణ ఉద్యోగులు, షిఫ్టుల్లో పనిచేసేవారు, ఇల్లు చక్కబెట్టుకునేవారు. వారానికి రెండు మ్యాచ్‌లు ఉన్నప్పుడు ఆర్టీసీ డ్యూటీలో ఉన్న కండక్టరూ, రాత్రి షిఫ్టు చేసే నర్సూ, పరీక్ష పేపర్లు దిద్దుకునే ఉపాధ్యాయుడూ తీరిక ఉన్న రోజున పావుగంట కూర్చుని లైనప్ పెట్టుకుంటే సరిపోయేది. ఈ ఆటను వాళ్లు ఎంచుకున్నదే అందుకు. రోజుకు గంటల కొద్దీ ఫోన్‌కు అతుక్కుపోయే ఆటలు కావాలంటే బయట కొల్లలుగా ఉన్నాయి. ఇప్పుడు రోజూ మ్యాచ్ కావడంతో, పైగా ఆటగాళ్ల అలసట రోజూ మారుతుండడంతో, లైనప్ రోజూ సరిచూసుకోక తప్పదు. రెండు రోజులు ఇంట్లో పెళ్లి పనుల్లో ఉండి చూసుకోకపోతే అలసిన బౌలర్లే మళ్లీ బంతి అందుకుంటారు, రెండు ఓటములు, పై లీగ్‌కు పదోన్నతి ఆశ పోయినట్టే.

విదేశాల్లో ఉన్నవారి అవస్థ వేరు. లైనప్‌కు గడువు మన రాత్రి 9 గంటలు. అది దుబాయిలో సాయంత్రం ఏడున్నర, కువైట్‌లో ఆరున్నర. సైట్ నుంచి క్యాంపుకు తిరిగి వచ్చే బస్సులో సిగ్నల్ ఉంటే పెట్టాలి, లేకపోతే లేదు. డాలస్‌లో వేసవి కాలమానం ప్రకారం అది ఉదయం పదిన్నర, ఆఫీసులో మీటింగ్‌ల వేళ. వారానికి రెండుసార్లయితే ఎవరైనా సర్దుకుంటారు. ప్రతిరోజూ సర్దుకోమంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయమే. ఊళ్లు, దేశాలు దాటి ఉన్న పాత మిత్రులు ఒక లీగ్‌లో కలిసి ఉండడానికి ఈ ఆట వీలు కల్పించింది. అలాంటి బృందాల్లోంచే ఒక్కొక్కరూ తప్పుకుంటున్నారు.

6. పిల్లల విషయం, ప్యాక్‌ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన రాష్ట్రాల్లో ఫోన్‌లో క్రికెట్ ఆట అనగానే పెద్దవాళ్లకు బెట్టింగ్ గుర్తొస్తుంది. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌నూ, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలనూ వేరుగా గుర్తించింది. ఆ సామాజిక ఆటల నిర్వచనంలో చందా రుసుము, ఒకసారి కట్టే ప్రవేశ రుసుము తీసుకోవచ్చని ఉంది, ఆ చెల్లింపు పందెం స్వభావంతో ఉండకూడదనీ ఉంది. మేనేజర్ ఆటలు ఈ గుర్తింపు కింద గౌరవంగా నిలబడగలవని మేము సంతోషించాం. అలాంటప్పుడు ఏమొస్తుందో తెలియని ప్యాక్‌ను డబ్బుకు అమ్మడం ఎందుకు? ఆ ప్యాక్ చట్టానికి విరుద్ధమని మేము అనడం లేదు, ఆ తీర్పు చెప్పేందుకు మేము న్యాయవాదులం కాము. ఇది బెట్టింగ్ కాదమ్మా అని ఇంట్లో నచ్చజెప్పుకునేవాళ్లం, ఆ మాట ఇప్పుడు నోరారా చెప్పలేకపోతున్నామని మాత్రం అంటున్నాం.

ఇది మన దేశపు బెంగ మాత్రమే కాదు. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో డబ్బు పెట్టి కొనే, ఏమొస్తుందో తెలియని ఇలాంటి ప్యాక్‌లను జూదంగా పరిగణించింది, దాని ఫలితంగా ఫిఫా అనే ఫుట్‌బాల్ వీడియో ఆటలో ప్యాక్‌లు కొనుక్కునే పాయింట్ల అమ్మకం 2019 జనవరిలో ఆ దేశంలో ఆగిపోయింది. నెదర్లాండ్స్‌లో మాత్రం అదే ఆట మీద వేసిన కోటి యూరోల జరిమానాను అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం 2022లో కొట్టివేసింది. అభిప్రాయాలు రెండు రకాలుగానూ ఉన్నాయని ఒప్పుకోవాలి. కాని ప్యాక్‌లో ఏది దొరికే అవకాశం ఎంతో కొనకముందే చూపాలన్న నియమం ఆపిల్ యాప్ స్టోర్‌లో 2017 చివరి నుంచే ఉంది. మా ఆటలో ఆ శాతాలు మూడు తెరలు దాటి వెళ్తే తప్ప కనబడవు.

ఇంకొక మాట. మన వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్’ల మీద మార్గదర్శకాలు ప్రకటించి 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొంది. లేని తొందరను సృష్టించడం వాటిలో మొదటిది. ‘ఈ ఆఫర్ ఇంకా 10 నిమిషాలే’ అని ఎర్ర గడియారం చూపి, మర్నాడు అదే ఆఫర్‌ను మళ్లీ అదే గడియారంతో చూపడాన్ని మీరు ఏమని పిలుస్తారో మాకు తెలియజేయండి. తల్లిదండ్రుల ఫోన్‌లో యూపీఐ పిన్ తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ గడియారాన్ని చూసి ఏం చేస్తాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

7. మీ వైపు వాదనలు మాకు తెలుసు. ఈ కాలంలో ఆటలు ఆడేవారికి ఓపిక లేదంటారు. క్రికెట్ ఆట తయారుచేసేవారు ఈ మాట అనడం మాకు వింతగా ఉంది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్, ద్రవిడ్ నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వికెట్ పడకుండా ఆడితే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆగడానికి తగిన కారణం ఉంటే జనం ఆగుతారు.

సర్వర్లకు, ఇంజినీర్లకు డబ్బు కావాలి అన్న మాట నిజం. ఉచితంగా నడపమని మేము ఎన్నడూ అడగలేదు. హాట్రిక్‌లో చందా కట్టినవారికి అదనపు గణాంకాలు, జట్టు లోగో, ఇతర సౌకర్యాలు దక్కుతాయి, మైదానంలో మాత్రం ఒక్క పరుగు కూడా అదనంగా రాదు. కట్టినవాడూ కట్టనివాడూ ఒకే పట్టికలో తలపడతారు. అలాంటి చందా పెడితే మాలో చాలామంది మొదటిరోజే కడతారు.

కొత్తవారికి ఈ నెమ్మదితనం భారమన్నది మీ మూడో వాదన, ఇందులో మాత్రం పస ఉంది. హాట్రిక్ పద్ధతిలో పై లీగ్ ఒకటి, దాని కింద 4, ఆ కింద 16, 64, 256 లీగ్‌లుగా అంచెలు విస్తరిస్తాయి. ఐదో అంచెలో మొదలుపెట్టినవారు ప్రతి సీజన్ గెలుస్తూ పోయినా అగ్రస్థాయికి చేరడానికి నాలుగు సీజన్లు, అంటే 64 వారాలు పడుతుంది, నిజంగా గెలుస్తూ పోయేవారు ఎంతమంది? పాత జట్లు స్టేడియాలు కట్టుకుని, సొమ్ము దాచుకుని పైన పాతుకుపోతాయి. మా ఆటలోనూ అదే పరిస్థితి, ఆ పాతుకుపోయినవారిలో మేమూ ఉన్నాం. దీన్ని సరిదిద్దవలసిందే. కాని మీరు పెట్టిన బూస్టర్లు కొత్తవారికి మేలు చేయలేదు. డబ్బున్న పాతవారికే ఎక్కువ ఉపయోగపడ్డాయి, ఎందుకంటే ఏ ఆటగాడి మీద ఎప్పుడు వాడాలో వారికే తెలుసు.

మేనేజర్ల వైపు తప్పుల సంగతీ దాచనక్కరలేదు. ఒకే మనిషి రెండు మూడు ఖాతాలు నడిపి, ఒక జట్టు నుంచి మరొక జట్టుకు ఆటగాళ్లను చవకగా తరలించడం మా మధ్యే జరుగుతోంది. దాన్ని అరికట్టడానికి మీరు తీసుకునే ఏ చర్యకైనా మా మద్దతు ఉంటుంది.

ఈ విషయాలన్నీ దృష్టిలో పెట్టుకుని మేము ఈ కింది డిమాండ్లు చేస్తున్నాం.

1. పై లీగ్‌కు పదోన్నతి, కింది లీగ్‌కు దిగజారడం ఉండే ప్రధాన లీగ్‌ల నుంచి తక్షణ శిక్షణ బూస్టర్లను పూర్తిగా తొలగించాలి. వేగంగా ఆడాలనుకునేవారికి వేరే లీగ్ పెట్టండి, దానికి ప్రత్యేకమైన ట్రాన్స్‌ఫర్ మార్కెట్ ఉండాలి, ఆ ఆటగాళ్లు ఈ మార్కెట్‌లోకి రాకూడదు. ఎవరికి ఏది ఇష్టమో అప్పుడు తేలుతుంది.

2. ఆదాయాన్ని చందా వైపు మళ్లించాలి. పాత మ్యాచ్‌ల పూర్తి స్కోర్‌కార్డులు, జట్టు చరిత్ర, జెర్సీలు, లోగోలు, మిత్రులతో సొంత టోర్నీలు, ఇంకా మీకు తోచిన ఏ సౌకర్యమైనా అమ్ముకోండి. మ్యాచ్ ఫలితాన్ని మార్చేది ఏదీ అమ్మకూడదు.

3. లీగ్ మ్యాచ్‌లను మళ్లీ వారానికి రెండుకు తగ్గించాలి. అది సాధ్యం కాదంటే కనీసం వారం మొత్తానికి లైనప్‌లు ముందే పెట్టుకునే వీలు, అలసిన ఆటగాడి స్థానంలో ఎవరు రావాలో ముందుగా చెప్పుకునే వీలు ఇవ్వాలి. రోజువారీ లాగిన్‌కు ఇచ్చే బహుమతుల్లో మ్యాచ్‌కు పనికొచ్చేవి ఉండకూడదు.

4. ప్యాక్‌లను ప్రధాన లీగ్‌ల నుంచి తీసేయాలి. తీసేసే వరకు, కొనే బటన్ పక్కనే అవకాశాల శాతాలు తెలుగులో కూడా చూపాలి. 18 ఏళ్లు నిండనివారి ఖాతాలకు వాటిని అమ్మకూడదు. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఆ వయసువారిని పిల్లలుగానే లెక్కిస్తుంది. దొంగ గడియారాలను ఈరోజే తీసేయవచ్చు, దానికి కమిటీలు అక్కరలేదు.

5. కొత్తవారికి డబ్బుతో సంబంధం లేని చేయూత ఇవ్వాలి. మొదటి సీజన్లలో వారికి వారితోనే పోటీ ఉండే లీగ్‌లు, ప్రతిభ ఉన్న కుర్రవాళ్లతో కూడిన ఆరంభ జట్టు, బాట్లు నిండిన లీగ్‌లను కలిపి మనుషులున్న లీగ్‌లుగా మార్చడం, మితిమీరి నిల్వ ఉన్న జట్ల సొమ్ము మీద నిర్వహణ ఖర్చు పెంచడం వంటివి చేయవచ్చు. చివరిది మా జేబుకే తగులుతుంది, అయినా అడుగుతున్నాం.

6. నియమాల్లో ఏ మార్పయినా కనీసం ఒక సీజన్ ముందు ప్రకటించి, సీజన్ ఆరంభంలోనే అమలు చేయాలి. ఆటను మూసివేయాలని ఎప్పుడైనా నిర్ణయిస్తే ముందుగా తెలియజేసి, మా జట్ల చరిత్రను మేము దాచుకునే వీలు కల్పించాలి.

7. ఫిర్యాదులకు మనిషి జవాబు ఇవ్వాలి. తెలుగులో రాసిన ఫిర్యాదును తెలుగు తెలిసినవారు చదవాలి.

ఈ సీజన్ ముగిసేలోపు ఈ ఏడు అంశాల మీద, ఒక్కొక్కదానికి అవునో కాదో చెబుతూ, బహిరంగంగా సమాధానం ఇవ్వాలని కోరుతున్నాం. కొన్నిటికి కాదని చెప్పినా కారణం చెబితే వింటాం, చర్చకు వస్తాం. సమాధానం రాకపోతే వచ్చే సీజన్ మొదటిరోజు నుంచి ఈ లేఖ రాసిన మాలో ఎవరూ జెమ్స్ గాని ప్యాక్‌లు గాని కొనం. వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేస్తాం. జట్లను మాత్రం వదిలిపెట్టం, ప్రతి మ్యాచ్‌కూ లైనప్ పెడుతూనే ఉంటాం, ఎందుకంటే ఒక జట్టు ఖాళీ అయితే నష్టపోయేది అదే లీగ్‌లో నిజాయితీగా ఆడుతున్న మిగతా ఏడుగురు.

ఇట్లు,
మీ ఆటల్లో జట్లు నడుపుతున్న కొందరు తెలుగు మేనేజర్లు